నాన్న రాళ్ళు, నా డైరీ

ఏడో భాగం

పోయిన వారం నేను డైరీలో ఒక పేజీ మడిచిపెట్టిన దగ్గర ఆగాం. అది చదవనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్తాను. మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పేట. మా నాన్న ఎర్రన్నకి ఒక ఫైబర్ తెప్ప, ఒక పాత జీపీఎస్ మిషన్ ఉన్నాయి. సముద్రం అడుగున ఎక్కడెక్కడ రాళ్ళున్నాయో, ఏ రాయి దగ్గర చేప నిలుస్తుందో అంతా ఆ మిషన్‌లోనే ఉంది. మొత్తం నలభై మూడు రాళ్ళు. అన్నిటికన్నా మంచిది మా తాత కనిపెట్టిన కూర్మయ్య రాయి. వేట నిషేధం రెండు నెలలూ అయిపోవస్తుండగా ఆ మిషన్ తెర నల్లబడటం మొదలైంది. నాన్న కొత్త మిషన్ తెచ్చాడు. పాతదాంట్లో ఉన్న రాళ్ళన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి చీపురుపల్లి నుంచి మా అత్త కూతురు అనిత వదినని పిలిపించాడు. నన్ను పిలవలేదు.

ఆ కోపంతో డైరీ మొదటి పేజీ తీశాను. అందులో పైన కూర్మయ్య రాయి అంకెలు ఉంటాయి, కింద ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో మూడు లైన్లు రాశాను. "అనిత వదిన చేతిలో ఏదీ పనిచెయ్యకూడదు. నాన్న మళ్ళీ నా దగ్గరికే రావాలి. అందుకోసం పాత మిషన్ చచ్చిపోయినా నాకు ఫర్వాలేదు." రాశాక నాకే భయమేసింది. ఆ పేజీని సగానికి మడిచి, డైరీని బియ్యం డబ్బా వెనక దాచాను.

ఈ వారం చెప్పేది జూన్ పద్నాలుగో తారీకు సంగతి. తెల్లారితే పేటలో తెప్పలన్నీ దిగుతాయి. రెండు నెలలు ఎవరూ ముట్టని రాళ్ళ దగ్గరికి ఎవరు ముందు చేరితే చేప వాళ్ళది.

పొద్దున్నే వదిన అరుగు మీద ఐసు పెట్టె బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టింది. ఒక పక్క పాత మిషన్, ఇంకో పక్క కొత్తది. నాన్న మోకాళ్ళు చుట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కూర్చున్న చోటు నాది. ఎవరూ నా పేరు రాయలేదు గానీ, నాదే.

ఎందుకో చెప్తాను. నాన్నకి చదువు రాదు. అంకెలు గుర్తుపడతాడు గానీ చుక్క దగ్గర తడబడతాడు. వేటలో కొత్త రాయి తగిలితే మిషన్ మీద ఒక బొత్తాం నొక్కి వచ్చేవాడు. ఒడ్డుకొచ్చి తలస్నానం చేశాక నన్ను ఆ అరుగు మీద కూర్చోబెట్టుకుని, "ఏటుందే, సదువు" అనేవాడు. నేను అంకెలు చదివి పుస్తకంలో రాసేదాన్ని. పక్కన ఆ రోజు పడిన చేప పేరు రాసేదాన్ని. దాని కింద, ఊరికే ఉండలేక, ఆ రోజు నాకేం అనిపించిందో ఒక మాట రాసేదాన్ని. నాకు డైరీ అలవాటైంది అలాగే. మూడేళ్ళ కిందట వాన కారి ఆ పుస్తకాలన్నీ తడిసిపోతే అమ్మ బయట పారేసింది. పారేసే ముందు రెండు రోజులు కూర్చుని రాళ్ళన్నీ కొత్త డైరీలోకి ఎక్కించుకున్నాను. నాన్నకి ఆ సంగతి తెలీదు. "మిషన్‌లో ఉన్నాయి గదే, పోతే పోనీ" అన్నాడు. ఆ తర్వాత నన్ను చదవమనడం కూడా మానేశాడు. నేనే, మిషన్ గూట్లో ఉన్నప్పుడు చూసి, కొత్తవి రాసుకుంటూ వచ్చాను.

"మావా, దీని మూతి సూడు, గుండ్రంగా ఉన్నాది," అంది వదిన పాత మిషన్ వెనక రబ్బరు మూత తీసి. "ఇలాంటి వైరు ఇప్పుడెవరూ అమ్మట్లేదు. అరసవల్లిలో ఒక ముసలాయన రిపేరు కొట్లో అట్టపెట్టెలన్నీ వెతికించి పట్టుకొచ్చాను."

"అరసవల్లి దాకా ఎల్లావా తల్లీ!" అన్నాడు నాన్న.

తల్లీ అన్నాడు. నన్ను ఆ మాట అని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ నేను గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్నాను.

వైరు పాత మిషన్‌కి సరిపోయింది. కానీ దాని రెండో కొస తొమ్మిది బెజ్జాల వెడల్పు మూతి. లాప్‌టాప్‌కి అలాంటి చోటే లేదు. వదిన సంచిలోంచి ఇంకో ముక్క తీసి రెంటికీ మధ్య పెట్టింది. లాప్‌టాప్ టింగుమంది. ఇదేంటో తనకి తెలియదని తెర మీద రాసింది. వదిన ఆ మిషన్ చేసిన కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ దింపింది. అది దిగడానికి గంట పట్టింది. దిగాక, ఈ కంప్యూటర్‌లో నేను నడవను, ఇంతకన్నా పాత కంప్యూటర్ కావాలి అంది.

నిజం చెప్పాలంటే, ఆ టింగు వినపడ్డ ప్రతిసారీ నాకు లోపల పండగలా ఉంది. వెల్లుల్లి ఇంకా ఉంటే బాగుండు, ఇంకాసేపు ఇక్కడే కూర్చోవచ్చు అనుకున్నాను.

"రెండూ మిషన్లే గదమ్మా," అన్నాడు నాన్న. "రెండూ సముద్రాన్నే సూపిస్తాయి. ఒకదాన్తో ఒకటి మాటాడవేటి?"

"కంపెనీలు వేరు మావా. ఒకడి మిషన్ మాట ఇంకొకడి మిషన్‌కి తెలీకుండా కట్టుకున్నారు. కొత్తది కొంటే మళ్ళీ వాడి దగ్గరే కొనాలని."

"మా అయ్య కొండల గుర్తు పట్టీవోడు. ఈ కొండ కొన ఆ కొండ కొన ఎనక్కొస్తే ఇక్కడ గాలం దింపు అనీవోడు. ఎవడి తెప్ప మీద నిలబడి సూసినా ఆ కొండలు అలాగే ఉంటాయి." నాన్న పాత మిషన్ అంచు వేలితో రుద్దాడు. "మిషనొచ్చాక నాను కొండలేపు సూడ్డం మానీసేను."

మధ్యాహ్నానికి వదిన వైర్లన్నీ చుట్టేసింది. "చేత్తోనే ఎక్కించేద్దాం మావా. నలభై మూడే గదా," అంది. ఫోను లైటు వాలుగా పట్టుకుంటే పాత తెర మీద అంకెలు లీలగా కనపడుతున్నాయి. వాటిని చదువుతూ కొత్త మిషన్‌లో నొక్కడం మొదలుపెట్టింది. కొత్తది పెద్ద తెర, రంగుల పటం, ఇంగ్లీషు మాటలు. నాన్న దాని వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. పదో తరగతిలో నాకు ఎన్ని మార్కులొచ్చాయో చెప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

నన్ను టీ తెమ్మన్నారు. తెచ్చాను. గ్లాసు పెడుతూ వదిన వేలు చూశాను.

"పద్దెనిమిది, చుక్క, సున్నా, ఒకటి, ఆరు, రెండు, సున్నా," అనుకుంటూ నొక్కుతోంది.

అది తప్పు. పాత మిషన్‌లో పద్దెనిమిది తర్వాత చుక్క ఉండదు, ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ తర్వాత సున్నా ఒకటి, అప్పుడు చుక్క, అప్పుడు ఆరు రెండు సున్నా. ఖాళీ తర్వాత వచ్చేది గడియారంలో నిమిషాల్లాంటిది. యాభై తొమ్మిది దాటితే అరవై రాదు, మళ్ళీ సున్నా వస్తుంది, ముందున్న అంకె ఒకటి పెరుగుతుంది. ఇది నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. నాలుగో తరగతిలో ఒక సాయంత్రం మిషన్ పట్టుకుని నాన్నతో ఇసక మీద ఉత్తరానికి నడుస్తుంటే నేనే చూశాను. పదిహేడు, యాభై తొమ్మిది అని చూపిస్తున్నది ఒక్క అడుగులో పద్దెనిమిది, సున్నా అయిపోయింది. వెనక్కి ఒక అడుగు వేస్తే మళ్ళీ పదిహేడు. నేను అటూ ఇటూ గెంతాను. నాన్న నవ్వి అక్కడ ఇసకలో ఒక గవ్వ పాతాడు.

వదిన ఆ ఖాళీని చుక్క అనుకుంటోంది, అసలు చుక్కని వదిలేస్తోంది. కొత్త మిషన్ వందలో భాగాలు అడుగుతోంది. పాతది అరవైలో భాగాలు చెప్తోంది. అంకెలు అవే, చోటు వేరు.

నేను చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"ఏటే మరదలా, అలా నిలబడిపోయావు? మిషన్ ఎప్పుడూ సూణ్ణేదా?" అంది వదిన నవ్వుతూ.

నాన్న కూడా నవ్వాడు.

నేను ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వచ్చేశాను. నన్నెవరూ అడగలేదు గదా అనుకున్నాను. అడిగితే చెప్తాను అనుకున్నాను. తలుపు వెనక నిలబడి ఆ మాటే పదిసార్లు అనుకున్నాను.

మూడు రాళ్ళు ఎక్కించాక నాన్నకి ఆత్రం ఆగలేదు. "ఏదీ, ఆ సందువ సేపల రాయి పటం మీద సూపించు."

వదిన నొక్కింది. ఇద్దరూ ఐసు పెట్టె మీదికి వంగారు.

"ఇదేటిది, ఈ గీత?" అన్నాడు నాన్న.

"అది... హైవే మావా."

"మన భోగాపురం హైవేయా?"

"ఆ."

"మన సందువలు ఎయిర్‌పోర్టు కాడ బస్సెక్కుతున్నాయేటి?" అని నాన్న పకపకా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నలభై మూడు రాళ్ళూ అలాగే నేల మీద తేలితే రేపు ఎటు వెళ్ళాలో అప్పుడే ఆయనకి తట్టినట్టుంది.

వదిన ముఖం ఎర్రబడింది. "నేను సరిగ్గానే కొట్టాను మావా. పాత మిషనే తప్పు చెప్తన్నాది. ముసలిదైపోయింది. ఒకసారి దాన్ని మొదట్నించి తెరిస్తే సర్దుకుంటాది." ఎక్కించిన మూడు రాళ్ళూ చెరిపేసింది. ఫోనులో ఏదో వీడియో చూసింది. పాత మిషన్ మీద రెండు బొత్తాలు ఒకేసారి నొక్కి పట్టుకుంది.

తెర ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది. ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది. వదిన రాళ్ళ జాబితా తెరిచింది. అందులో ఏమీ లేదు.

"మావా..." అంది.

నాన్న మిషన్‌ని ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, రాళ్ళు లోపల ఉన్నాయో లేదో చూసినట్టు. తర్వాత ఐసు పెట్టె మీద మెల్లిగా పెట్టేశాడు. "పోన్లే తల్లీ. నువ్వేటి సేస్తావు," అన్నాడు. ఆ గొంతు మా తాత పోయినప్పుడు విన్నాను.

నేను కోరుకున్నది ఇదే. మడిచిన పేజీలో రాసుకున్నది అక్షరం తప్పకుండా జరిగింది. నాకు సంతోషం కలుగుతుందేమోనని ఒక్క క్షణం చూశాను. కలగలేదు. కాళ్ళు వాటంతటవే అరుగు మీదికి వచ్చేశాయి.

"పాత మిషన్ తప్పు సెప్పలేదు నాన్నా," అన్నాను. "వదిన చుక్క మార్సి కొట్టింది. ఖాళీ తర్వాతది అరవై లెక్క. గవ్వ పాతాం గదా, గుర్తునేదా?"

నాన్న తలెత్తాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"టీ తెచ్చినప్పుడు."

"ఎరిగుండి ఊరుకున్నావేటే?"

నేను కాలి బొటనవేలు వైపు చూశాను.

"మాటాడవేటి? అది నేల మీద పడింది గాబట్టి సరిపోయింది. సముద్రంలోనే ఇంకో మూల పడుంటే? నాను నమ్మి ఎల్లిపోదును. ముగ్గురం ఎల్తాం గదే తెప్ప మీద. ఉన్న డీజిలంతా ఆ తప్పు సోటికి తాగించీసి, తిరిగి రావడానికేటి సేద్దుం?"

నాన్న గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

వదిన నా వైపు చూస్తోంది. "నన్ను ఆపొచ్చు గదే కుమారీ," అంది. "అక్కడే నిలబడ్డావు."

"ఆపితే నవ్వుతావు."

ఆమె పాత మిషన్ రబ్బరు మూత తిరిగి బిగించింది. నవ్విన సంగతి ఆమెకీ గుర్తొచ్చినట్టుంది.

"రాళ్ళు నా దగ్గరున్నాయి," అన్నాను. "అన్నీ. డైరీలో ఎక్కించుకున్నాను."

నాన్న లేచి నిలబడ్డాడు. బియ్యం డబ్బా వెనక నుంచి డైరీ తీశాను. మొదటి పేజీ మడత అలాగే ఉంది. చించేద్దామా అనుకున్నాను. చించితే కూర్మయ్య రాయి కూడా పోతుంది. అంకెలు వేరే కాగితం మీదికి ఎక్కించుకుందామంటే నాన్న అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "బేగి రాయే, పొద్దు వాలిపోతన్నాది."

అరవైతో భాగించడానికి పెన్సిలు, తెల్లకాగితం కూడా తీసుకున్నాను. ఇక నా లెక్క మీదే అందరూ ఆధారపడతారని, నిజంగానే, కొంచెం పొంగాను.

"అరవై లెక్కైతే దీంట్లోనూ ఉండాలే," అంటూ వదిన కొత్త మిషన్‌లో సెట్టింగులు తెరిచింది. ఒకదాని కింద ఒకటి మూడు వరసలు వచ్చాయి. మధ్యది నొక్కింది. తెర మీద అంకెలు మారిపోయాయి. పద్దెనిమిది, ఖాళీ, నిమిషాలు. అచ్చం పాత మిషన్‌లాగే. "ఇదిగో. భాగహారాలేవీ అక్కర్లేదు."

పెన్సిలు ఒళ్ళో పెట్టుకున్నాను. రెండు నొక్కుల్లో తేల్చేసింది. నేను చెప్పకపోతే ఆమెకి తెలియదు, నిజమే. కానీ ఆమె లేకపోతే నేను నలభై మూడు రాళ్ళకీ భాగహారాలు చేస్తూ కూర్చునేదాన్ని. ఈ రెండో ముక్క ఒప్పుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఇనండి," అన్నాడు నాన్న. "సేపలు లెక్కెట్టినట్టు సెయ్యాలి. ఒకరు సదవాలి, ఒకరు కొట్టాలి, కొట్టింది మళ్ళీ పైకనాలి. సగమయ్యాక సేతులు మార్సాలి."

మా ఒడ్డున చేపల లెక్క అలాగే. ఒకరు విసురుతారు, ఇంకొకరు పైకి లెక్కిస్తారు. సగంలో మారతారు. ఒకే పని చేస్తూ పోతే కన్ను మొద్దుబారుతుందని.

"మా అయ్య రాయి మటుకు ఆఖర్న పెట్టండి. నానుండగానే కొట్టాలి," అని చెప్పి నాన్న తెప్ప దగ్గరికి వెళ్ళాడు.

రెండో పేజీ నుంచి చదివాను. వదిన నొక్కి, పైకి అంది. సందువల రాయి నీళ్ళలో పడింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. "జంట రాళ్ళు", "వల చిరిగిన రాయి", "అమ్మకి జ్వరం వచ్చిన రోజు రాయి".

"ఇదేం పేరే?" అంది వదిన.

"ఆ రోజు కోనెం చేపలు పడ్డాయి. అమ్మకి జ్వరం కూడా వచ్చింది."

వదిన ఈసారి నన్ను చూసి కాదు, నాతో నవ్వింది. "నాకు మా ఇంట్లో ఇలాంటివేవీ రాసుకోడానికి నేవే," అంది. "అమ్మ ఎండు చేపల బుట్టెత్తుకుని సంతకెళ్ళిపోతాది. నేను బస్సెక్కి కాలేజీకి. ఎప్పుడైనా మావ ఫోన్ చేస్తే, కుమారి ఇది రాసింది, కుమారి అది సదివింది, అనే గోల."

నేను చదవడం ఆపేశాను. "నాన్నా? నా గురించా?"

"మరెవరి గురించి? ఇని ఇని సెవులు నొప్పెట్టేవి. తర్వాతది సదువు."

ఇరవై రెండో రాయి దగ్గర చేతులు మారాయి. కొత్త మిషన్ నా ఒళ్ళోకి వచ్చింది, డైరీ ఆమె ఒళ్ళోకి వెళ్ళింది. ఆమె పేజీలు తిప్పుతుంటే నా కన్ను మొదటి పేజీ మడత మీదే ఉంది. తప్పు నొక్కి రెండుసార్లు తిట్లు తిన్నాను. ముప్పై, ముప్పై అయిదు, నలభై. నీలం పటం మీద చుక్కలు నిండాయి. ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయింది.

నలభై రెండు అయ్యేసరికి నాన్న వచ్చాడు. కాళ్ళకి తడి ఇసక. మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. పటం చూశాడు, నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కోసమే కదా ఇన్నాళ్ళూ, అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అన్నాడు: "ఇంక మా అయ్య రాయి."

"అది నేను సదువుతాను," అన్నాను గబుక్కున. "డైరీ ఇలా ఇయ్యి వదినా."

"ఏటే, నామీద నమ్మకం నేదా?"

"సేతులు మార్సాక మార్సినట్టే," అన్నాడు నాన్న. "సదువమ్మా."

వదిన మడత విప్పింది. పేజీని అరచేత్తో సాపు చేసింది. "పద్దెనిమిది, ఖాళీ, సున్నా అయిదు, చుక్క, రెండు, ఒకటి, ఎనిమిది." నేను నొక్కాను. పైకి అన్నాను. రెండో వరస చదివింది. నొక్కాను. అన్నాను. పటం జరిగి, మిగతా రాళ్ళన్నిటికీ అవతల, ఒక్క చుక్క నిలబడింది.

"అదే," అన్నాడు నాన్న. "అదేనర్రా!" వేలితో తెర ముట్టుకున్నాడు.

నేను తెర చూడటం లేదు. వదిన కళ్ళు అంకెల కిందికి దిగాయి. మొదటి లైను. రెండో లైను. మూడో లైను దగ్గర ఆగి, ఐసు పెట్టె మీద ఉన్న పాత మిషన్ వైపు వెళ్ళి, మళ్ళీ పేజీ మీదికి వచ్చాయి. ఆమెకి కోపం వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. కోపం కాదు. జాబితాలో ఏమీ లేదని చూసినప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో అలా ఉంది.

"మావా," అంది నెమ్మదిగా. "ఈ రాయి కింద కుమారి ఇంకా రాసింది. మూడు లైన్లు."

"ఆ రోజు ఏ సేప పడిందో రాసుంటాది," అన్నాడు నాన్న. "సదవండి, ఇందాం."

వదిన డైరీని మూయలేదు. నా వైపు తిప్పి పట్టుకుంది. "నేను సదవనా? నువ్వే సదువుతావా?"

నాన్న అప్పటికే గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు నేను రాసింది చదివి వినిపించేటప్పుడు ఎలా కూర్చునేవాడో, అలాగే.